వెనక సీటు మీది శెనక్కాయలు

“ఇదో, తిరుగుతాండాది గానీ స్టార్టు కాలేదు. చూడు!” అంది కృపాకుమారి, కారు తాళం ఇంకోసారి తిప్పి.

బత్తలపల్లె రోడ్డు పక్కన, తన షెడ్డు ముందే ఆగిపోయిన ఆ పాత కారును జయరాజు నీరసంగా చూశాడు. నలభై దాటినా పెళ్లి కాని మనిషి. టెన్త్ గట్టెక్కకుండానే పానా పట్టాడు. ఊళ్లోవాళ్ల బండ్లన్నీ కదిలించాడు గానీ, తన బతుకు మాత్రం ఈ షెడ్డు దాటి కదల్లేదు.

కృపాకుమారి ఈ ఊరి బళ్లో టీచరు. చిలమత్తూరుకు బదిలీ అయింది. ప్రయాణం ఈ రోజే. డిక్కీ నిండా సామాను.

బాగుచేస్తే ఆమె వెళ్లిపోతుంది. చేయకపోతే తను మెకానిక్కే కాదు.

“టీకొట్టాయన నీకు దాదాపీరన్న. పంక్చర్లాయన చెన్నప్పన్న. నేనొక్కణ్ణే ‘ఇదో’నా టీచరమ్మా? నాకు పేరు లేదా?”

“ముందు కారు చూడు.”

“చూస్తాండా. సెల్ఫు బాగానే తిరుగుతాండాది. బ్యాటరీ గట్టిదే, నీ నోటి మాదిరి.”

“నోరుండీ మాట్లాడనోళ్ల కంటే మేలు గదా!”

జయరాజుకు నవ్వు రాలేదు. మబ్బొకటి నెత్తి మీదికొచ్చి, నాలుగు చినుకులు రాల్చి, ధర్మవరం వైపు పోయింది. ఈ నేల మీద అన్నీ ఇంతే, ఆశపెట్టి పోయేవే అనుకున్నాడు.

“తాళం సగం తిప్పి ఆపు. మాట్లాడొద్దు.”

వెనక సీటు దగ్గర చెవి పెట్టాడు. కింద పెట్రోలు పంపు జుయ్యని మూలగాలి. చప్పుడే లేదు. సీటు ఎత్తుదామంటే దాని మీద ఒక గోనె మూట.

“ఏముండాది దీంట్లో?”

“శెనక్కాయలు.”

మూట అడుగున బొక్క. సీటెత్తితే కింద కాయల పొట్టు, ఎలుక పెంటికలు, కొరికేసిన పంపు వైరు.

“ఎలుకను కారెక్కించుకొని తిరుగుతాండావే! ఎప్పటి మూట ఇది?”

“కొత్త పంట వచ్చినప్పటిది.”

“ఎవరికి ఇచ్చేకి?”

ఆమె అద్దంలోంచి రోడ్డు చూసింది. “పోయినేడు మీ చేను ఎండిపోయినప్పుడు, కొత్త కాయ నోట్లో పెట్టుకోలేదని నువ్వే అంటివి గదా. రోజూ నీ షెడ్డు ముందర నుంచే పోతాంటి. దింపేకి సిగ్గయింది.”

జయరాజు వైరు కొస ఒలిచాడు. “దాదాపీరుకూ చెన్నప్పకూ ఇయ్యలేదా?”

“ఎప్పుడో ఇచ్చినా. అన్నలకు ఇచ్చేకి సిగ్గేముంది?”

అప్పుడు జయరాజుకు గుర్తొచ్చింది. బతికినన్నాళ్లూ తన అమ్మ, మొగుడి పేరెత్తగూడదని నాయనను పిలిచింది కూడా “ఇదో” అనే.

వైరు కలిపి టేపు చుట్టాడు. “తిప్పు.”

పంపు జుయ్యంది. ఇంజను అందుకుంది.

“పోయొస్తా,” అంది ఆమె, బండి కదిలించకుండా.

“ఆ టేపు చిలమత్తూరు దాకా ఆగుతాదని నాకు నమ్మకం లేదు.”

“అయితే?”

జయరాజు షెడ్డు షట్టరు దించి తాళం వేశాడు. మూట ఒళ్లో పెట్టుకొని ముందు సీట్లో కూర్చున్నాడు.

“మీ నాయన ఇల్లు దోవలోనే గదా. ఆడ ఆపు. ఆయనతో మాట్లాడే పనుండాది.”

“ఏమని?”

“ఈ బండి పక్కన ఎప్పుడూ ఒక మెకానిక్కు ఉండల్లని.”

ఆమె గేరు వేసింది. పెదవి కొరుక్కుంది గానీ నవ్వు ఆగలేదు.

“ఇదో,” అంది, “బెల్టు పెట్టుకో.”