ఆ బావి దగ్గర ఊ కొట్టిందెవరు?

చీకటి పడ్డాక ఆ బావి దగ్గర ఎవర్నీ పిలవకూడదు. ఆ ఊరివాళ్ళు చచ్చినా పిలవరు. పిలిస్తే ముందు మీ గొంతే మీకు తిరిగొస్తుంది... అది మామూలే, బావి కదా. కాస్త ఆగితే రెండో గొంతు వస్తుంది. అది మీది కాదు.

మిషిగన్‌లో, నోవై నుంచి ఉత్తరానికి రెండున్నర గంటలు డ్రైవ్ చేస్తే వచ్చే చిన్న ఊరది. ఊరి చివర అడవిలో ఓ పాత చెక్క ఇల్లు, దాని వెనకాల రాతి బావి. ఎప్పుడో ఎనభై ఏళ్ళ క్రితం ఆ ఇంట్లో ఉన్నావిడ పిల్లల కోసం ఓ నవల రాసింది. అందులో పిల్లలు బావిలోకి దిగి ఇంకో లోకానికి పోతారు. ఆ పుస్తకం చదివిన పిల్లలు అమ్మానాన్నల్ని పీక్కుతిని మరీ ఈ అసలు బావిని చూడ్డానికి వస్తుంటారు. పగలంతా టికెట్లు, ఫొటోలు, సందడే సందడి. చీకటి పడితే మాత్రం ఒక్క పురుగుండదు. నేనైతే పగలు కూడా వెళ్ళను, ముందే చెప్పేస్తున్నా.

శ్రీవల్లి వెళ్ళింది. నాకిదంతా చెప్పింది తనే.

శ్రీవల్లి అంటే హర్షవర్ధన్ రెండో భార్య. మొదటి భార్య రేణు జబ్బు చేసి పోయింది. శ్రీవల్లి నోవైకి కాపురానికొచ్చి అప్పటికి ఎనిమిది నెలలు. వీసా ఉద్యోగం చేయనివ్వదు. హర్ష పొద్దున పోతే రాత్రికొస్తాడు. రేణు కూతురు తారకి తొమ్మిదేళ్ళు, ఇక్కడే పుట్టిన పిల్ల. "ఎస్ ఆంటీ", "నో ఆంటీ", "ఓకే ఆంటీ"... ఆ ఇంట్లో శ్రీవల్లితో ఎవరైనా మాట్లాడారంటే ఇంతే. మొదట్లో ఏడుపొచ్చేదట. తర్వాత అదీ మానేసింది. వండేది, గిన్నెలు సర్దేది, కిటికీలోంచి మంచు చూసేది. ఏమీ అనిపించేది కాదు. మనిషి అలా మొద్దుబారిపోయింది.

రేణుకి ఓ పిచ్చి ఉండేది. తారకి ఏ మాయల నవల చదివి వినిపించినా, ఆ కథ పుట్టిన అసలు చోటెక్కడుందో వెతికి పట్టుకుని తీసుకెళ్ళేది. ఓ లైట్‌హౌస్ చూపించింది, ఓ పాత రంగులరాట్నం ఎక్కించింది. ఈ బావి ఒక్కటే మిగిలిపోయింది. క్రిస్మస్ సెలవుల్లో తీసుకెళ్తానని హర్ష మాటిచ్చాడు. తీరా ఆ రోజుకి ఆఫీసులో ఏదో కొంప మునిగింది.

"నువ్వు తీసుకెళ్తావా, ప్లీజ్?" అన్నాడు.

శ్రీవల్లికి లైసెన్స్ వచ్చి రెండు నెలలు. బయట మంచు. సరేనంది. భయం కూడా వేయలేదట, చూడండి!

నెమ్మదిగా నడిపి, ఓ ఎగ్జిట్ మిస్సయి, మళ్ళీ తిరిగొచ్చి... చేరేసరికి ఐదున్నర. డిసెంబర్ కదా, అప్పటికే చీకటి పడిపోయింది. టికెట్ల దగ్గర ముసలావిడ తాళాలు వేస్తోంది. తార మొహం చూసి జాలిపడి, తన టార్చి పిల్ల చేతికిచ్చింది.

"ఐదు నిమిషాలే. అక్కడ ఎవర్నీ పిలవకండి" అంది గొంతు తగ్గించి.

నవ్వుతుందేమోనని శ్రీవల్లి చూసింది. ఆవిడ నవ్వలేదు.

ఇంటి వెనక చెట్ల మధ్య నడిచారు. కాళ్ళ కింద మంచు కిర్రుమంటోంది. బావి రానే వచ్చింది — నడుమెత్తు రాతి గట్టు, పైన ఇనప జాలీ, దాని కింద నలుపు. తార గట్టు మీద చేతులు పెట్టి వంగింది. మంచుకి జారుతుందేమోనని పిల్ల జాకెట్ పట్టుకుని శ్రీవల్లీ పక్కనే వంగింది.

"ఆంటీ, బుక్‌లో ఆ గర్ల్ వాళ్ళ అమ్మని ఇక్కడే పిలుస్తుంది" గుసగుసగా అంది తార. "వాళ్ళ అమ్మ డెడ్. కానీ ఆన్సర్ చేస్తుంది."

ఓరి దేవుడా! పిల్ల ఇంత దూరం ఎందుకొచ్చిందో శ్రీవల్లికి అప్పుడర్థమైంది.

"మరి... రాకపోతే?"

"రాకపోతే అన్నీ లైస్. బుక్స్ మొత్తం డొనేట్ చేసేస్తా. అమ్మ చెప్పిన స్టోరీస్ కూడా లైసే."

అప్పుడే పిల్లని లాక్కుని వచ్చేయాల్సింది.

"అమ్మా!"

...మ్మా... మ్మా... అంది బావి.

ఆగారు. చెట్ల మీంచి మంచు రాలింది. ఇంకేమీ లేదు.

"అమ్మా..."

మళ్ళీ అదే. తార ఏడవలేదు. కదలకుండా, కళ్ళార్పకుండా లోపలికి చూస్తూ నిలబడింది. ఆ ఏడవకపోవడం ఏమిటో శ్రీవల్లికి బాగా తెలుసు. ఎన్నాళ్ళకో గుండెలో ఏదో కలుక్కుమంది.

ఇంక వెళ్దామనేలోపు, పిల్ల మెల్లగా మొదలుపెట్టింది.

"అమ్మా, నువ్వు చెప్పేవు కదా, ఆ స్టోరీ నేను చెప్తా. ఒక అమ్మాయి బావిలోకి వెళ్ళింది. కింద వాటర్ లేదు. ఒక వంటిల్లు ఉంది."

"ఊఁ..."

బావిలోంచి... సన్నగా... ఆడగొంతు.

"అక్కడ ఒక లేడీ దోసెలు వేస్తోంది."

"ఊఁ..."

మనలో కథ చెప్తుంటే వినేవాళ్ళు ఊ కొట్టాలి కదా, కొట్టకపోతే నిద్రపోయారని కథ ఆపేస్తాం. అది మన ఇళ్ళలో సంగతి. అమెరికా బావిలో అమెరికా దెయ్యం ఉంటే 'హలో' అనాలి. ఊ కొట్టడం దానికెవరు నేర్పారు? తెలుగు కథకి, సరిగ్గా ఆగాల్సిన చోట ఊ కొట్టేది ఎవరు... తెలుగావిడే కొట్టాలి. చనిపోయిన తెలుగావిడ!

"ఫస్ట్ దోసె మాడిపోయింది. పిల్లికి ఇచ్చింది. పిల్లి తినలేదు."

"ఊఁ..."

వెనక్కి చూసింది శ్రీవల్లి. ఎవరూ లేరు. టికెట్ల గది దీపం ఎక్కడో దూరంగా ఉంది. ఈ పిల్లని నా దగ్గర్నుంచి తీసుకుపోతుందా? వాళ్ళ అమ్మ కదా... తీసుకుపోతే నేనెవర్ని అడ్డం చెప్పడానికి? అయినా ఇవ్వను. ఆ మాట అనుకున్నందుకు తనే బిత్తరపోయిందట. జాకెట్‌ని గట్టిగా గుప్పిట్లో బిగించి ఒక్క గుంజు గుంజింది.

"పద! పద తారా, పోదాం!"

తార కథ ఆపేసింది. టార్చి ఎత్తింది... బావిలోకి కాదు. శ్రీవల్లి మొహం మీదకి.

"ఎందుకు ఆపావు ఆంటీ?"

"నేనా? నేనేం ఆపాను?"

"ఊ కొట్టడం."

"నేను... నేను కాదు. బావిలోంచి..."

"నువ్వే. ఊ అన్నప్పుడల్లా నీ ముక్కులోంచి పొగ వచ్చింది. నేను చూశా."

శ్రీవల్లి చెయ్యి గొంతు మీదకెళ్ళింది. గొంతు ఇంకా వణుకుతోంది. వంగి ఉంది కదా, తన ఊ బావిలోకి దిగి, పరాయిదై తిరిగొచ్చింది. ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో తనకి ఎవరూ ఏదీ చెప్పలేదు. ఇవాళ ఒక పిల్ల మూడు మాటలు తెలుగులో వరసగా చెప్పేసరికి, మనిషికి తెలీకుండానే గొంతు పలికింది.

"అమ్మ రాలేదు కదా?" అంది తార.

అబద్ధం చెప్పాలనుకుంది. చెప్పలేకపోయింది.

"రాలేదమ్మా."

తార టార్చి దించింది. దూరంగా ముసలావిడ తాళాల గుత్తి ఆడించి పిలుస్తోంది.

"స్టోరీ ఇంకా ఉంది" అంది తార. "కార్‌లో చెప్పనా?"

"ఇక్కడే చెప్పు. ఇప్పుడే చెప్పు."

"తర్వాత ఆ లేడీ సెకండ్ దోసె వేసింది. అది ఆ అమ్మాయికి ఇచ్చింది."

శ్రీవల్లి ఈసారి తెలిసే ఊ కొట్టింది. ఏడుస్తూ కొట్టింది.