ఊతవల

రూతమ్మ వ్యాపారంలో దిగేనాటికి ఆమె దగ్గరున్నవి రెండే: కౌలుకు తీసుకున్న మిర్చి కల్లం, కడుపులో ఊతవల. ఇరవై రెండేళ్ళకే నడుంనొప్పని వెళితే గర్భసంచి తీసేసి పంపారు. తరవాత లోపలివన్నీ కిందికి జారాయి. దగ్గితే చీర తడిసేది. బరువు మాట అటుంచి, నిలబడితేనే ప్రాణం కడగట్టేది.

అలాంటివాళ్ళ కోసమే ఊతవల వచ్చింది. సంచి తీసిన ఖాళీలో అల్లే సజీవ దారాల వల అది. కటి ఎముకలోకి వేళ్ళు పంపి, జారినవాటిని ఎత్తి పట్టుకుంటుంది. బరువు మోసేకొద్దీ గట్టిపడుతుంది. వల బాగున్నంతకాలం మణికట్టు మీద ఊతదీపం పచ్చగా వెలుగుతుంది.

ఒక ఉదయం కల్లం గుమ్మం ఒక్కొక్కరి దీపం చదివి లోపలికి వదులుతోంది. మిర్చి కూరిన గోనె టిక్కీలు ఇప్పుడు ఆడవాళ్ళే మోస్తున్నారు. దీపం లేని మనిషిని రూతమ్మ బరువు పనికి రానివ్వదు. తనలా ఇంకొకతెకి లోపలివి జారిపోకూడదన్నది ఒక లెక్క. వలున్న మనిషి నొప్పని ఇంటి దగ్గర ఆగిపోదన్నది రెండో లెక్క. మంచీ లాభమూ ఒకేచోట కలిసినందుకు ఆమెకు తృప్తిగా ఉండేది.

గుమ్మం బయట చెల్లెలి కూతురు సలోమి ఆగిపోయింది. పెళ్ళయి ఏడాది కాలేదు.

"పెద్దమ్మా, నీ గుమ్మం నన్ను రానీడంలా."

"దీపం యాడుందే నీకు? మీ ఆయన్ని పొమ్మను పనికి."

"మగోళ్ళని ఎవురు పిలుస్తన్నారు ఇప్పుడు? నువ్వు పిలుస్తన్నావా?"

"అయితే వల వేయించుకుని రా" అంది రూతమ్మ, మాట తెంపడానికి.

టిక్కీ ఎత్తుకున్న మార్తమ్మ నవ్వింది. "ముందు సంచి తీయించుకోవాలి పిల్లా. అది మాబోటి ముసలోళ్ళకి."

"పెద్దమ్మ నా ఈడుకే తీయించుకుందిగా" అంది సలోమి.

రూతమ్మ తూకం వైపు తిరిగింది.

మిర్చి కోతల చివర్లో సలోమి పచ్చ దీపంతో వచ్చింది. కడుపునొప్పని చెబితే డాక్టరు పెద్దగా అడగలేదట.

"మరి పిల్లలో?"

"ముందు తిండి ఉండాలిగా పెద్దమ్మా."

గుమ్మం తెరుచుకుంది. దాని వెనకే ఆ పేటలో పడుచుపిల్లలందరికీ కడుపునొప్పులు మొదలయ్యాయి. వల కనిపెట్టినవాళ్ళు సంచి పోయినవాళ్ళ గురించి ఆలోచించారు. వల కోసం సంచి పోగొట్టుకునేవాళ్ళు ఉంటారని వాళ్ళకు తట్టలేదు. రూతమ్మకు తట్టింది. కానీ సరుకు అంత చురుగ్గా అంతకుముందెప్పుడూ కదల్లేదు.

మూడో ఏటి కాపుకు సలోమి టిక్కీ భుజానికెత్తుకుని ఒక్క అడుగు వేసి కూలిపోయింది. దీపం పచ్చగానే ఉంది.

"సంచితోపాటు అండాశయాలు కూడా తీసేశారు" అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ. "దాంతో ఎముక గుల్లబారింది. వలకేం కాలేదు. అది పట్టుకున్న ఎముకే విరిగి ఊడొచ్చింది."

"ఆ వల తీసి పారెయ్యండమ్మా."

"లోపలంతా పాకిపోయింది. లాగితే మిగిలింది కూడా వస్తుంది."

"నడుస్తదా?"

డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

మంచం మీద సలోమి పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది. "నా చోటు ఎవురికీ ఇవ్వమాక. కాస్త లేవగానే వస్తా."

"ఎవురికిస్తానే" అంది రూతమ్మ.

అప్పటికే ఆ చోట ఇంకో పిల్ల టిక్కీలు ఎత్తుతోంది. దానికింకా పెళ్ళి కాలేదు.

మబ్బు కమ్ముకొస్తుంటే రూతమ్మ కల్లానికి తిరిగొచ్చి దగ్గరుండి లోడెత్తించింది. ఒక్క కాయ తడవకుండా సరుకంతా గిడ్డంగి చేరింది. ఆ ఏడు ఆమెకు మిగిలింది అదే.