అయిందండీ

పోపుబిళ్ళ పెనం మీద వేయగానే చిటపటమంది. ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, చివర్లో కరివేపాకు. ఒకదాని వెనక ఒకటి వాసనలు లేచి తలుపు సందులోంచి నడవాలోకి పోయాయి. సాహితి పొయ్యి కట్టేసింది. పెనం మీద నూనె చుక్క లేదు, ఆవగింజ లేదు. బిళ్ళ కరిగిన చోట తెల్లటి మరక మిగిలింది, అంతే. పక్కింటి లాస్య అప్పటికే ములక్కాడ సాంబారు బిళ్ళ పెనం మీద వేసేసింది. ఎదురింటి ధనుష్ గారి తలుపు వెనక గుత్తివంకాయ ఘుమఘుమలాడుతోంది. ఆ నడవాలో కడుపు నిండేది ముక్కుకి మాత్రమే.

కాకినాడ కరకట్ట మీద లేచిన నివాస స్తంభాల్లో అది విశ్రాంతుల అంతస్తు. అందరూ డెబ్బై దాటినవాళ్ళే. ఒకప్పుడు లాస్య అంటే బళ్ళో పిల్ల పేరు, ఇప్పుడు ఆ పేరు వింటే బామ్మ గుర్తొస్తుంది. కొలువు దిగిన రోజున పింఛను ఎంతని రాశారో నేటికీ అంతే. బియ్యం ధర మాత్రం సముద్రంతో పోటీపడి పైకొస్తోంది. నెల మొదట్లో అన్నం, తర్వాత గంజి, ఆ తర్వాత బిళ్ళలు. కూర కొనలేనివాళ్ళు కూర వాసనైనా కొంటారు. ఇరుగుపొరుగు ముందు తలెత్తుకు తిరగాలా వద్దా మరి!

సాహితి వినికిని మెడలో వేసుకుంది. చింతగింజంత నల్లటి పలుకు అది, ఒంటికి చల్లగా తగిలింది.

"పలకరింపరి సాహితి గారికి నమస్కారం. తాము భుజించి ఉన్నట్టు నమోదైంది," అంది వినికి.

రోజూ గుమ్మం గుమ్మానికీ వెళ్ళి భోంచేశారా అని అడిగి, జవాబు వినికికి వినిపించడం పలకరింపరి పని. తిన్నవాళ్ళే పలకరించాలన్నది నియమం. ఆకలితో ఉన్నవాళ్ళు అడిగితే జవాబులు ఒంకరపోతాయట.

"ఈ ఋతువంతా ఈ అంతస్తులో ఆకలి నమోదు కాలేదు. నేటి పలకరింపు కూడా అలాగే ముగిస్తే రేపటి నుంచి పూరణశాల మూతపడుతుంది."

పూరణశాల కింది అంతస్తులో ఉంది. తినలేదని ఒక్కమాట అంటే చాలు, సాయంత్రానికి అక్కడినుంచి వేడి క్యారేజీ వస్తుంది. ఇన్నాళ్ళూ ఒక్కరూ అనలేదు.

"వీళ్ళు సిగ్గుపడి చెప్పట్లేదు," అంది సాహితి.

"సిగ్గుకు కొలత లేదు. జవాబులు స్పష్టంగా ఉన్నాయి. పలకరింపరి ప్రశ్న తప్ప మరేమీ అనరాదు."

ఒక్క ఆకలీ నమోదు కాకుండా పలకరింపు పూర్తయితే ఆమెకు ఒక డబ్బా పెరుగన్నం ముడుతుంది. అదీ ఆ పూరణశాలదే. నెలల తరబడి గడియ పెట్టుకుని, చెంచా చప్పుడు కాకుండా తింటోంది. వీళ్ళంతా అబద్ధమాడితేనే తన నోట్లోకి ముద్ద. తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోయేది. అయినా డబ్బా అడుగు వేలితో నాకేది.

ధనుష్ గారు రేవులో క్రేను నడిపిన మనిషి. ఇప్పుడు చొక్కా కొక్కేనికి తగిలించినట్టు వేలాడుతోంది.

"భోంచేశారా అండి?"

"ఆయ్, అయిందండి! గుత్తివంకాయ. నూనె కాస్త ఎక్కువైంది గానీ బానే కుదిరిందండి. మరి తమరో?"

"అయిందండీ."

వినికి రెండుసార్లు పచ్చగా వెలిగింది. ఆయన ప్యాంటు జారకుండా నడుముకు నైలాన్ తాడు కట్టుకున్నాడు. సాహితి అది చూసి చప్పున తల దించుకుంది.

ఆ తర్వాత తలుపులన్నీ అదే పాట. ఒకామె మెతుకు పట్టే చోటు లేదంది. ఇంకొకాయన, పాపం, త్రేన్చి మరీ చూపించాడు. ప్రతి గుమ్మంలోనూ మర్యాదకు ఎదురడిగారు, ప్రతి గుమ్మంలోనూ సాహితి అయిందండీ అంది.

చివరికి మిగిలింది లాస్య. అలల ఎత్తు కొలిచే కేంద్రంలో ఇద్దరూ పక్కపక్క బల్లల మీద ముప్పయ్యేళ్ళు పనిచేశారు. తలుపు ఆమే తీసింది.

"భోంచేశావా లాస్యా?"

"అయిందే తల్లీ, ఇప్పుడే." పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఆమె అటూ ఇటూ చూసి, తన కొంగు తీసి సాహితి మెడలోని వినికి మీద కప్పి గట్టిగా నొక్కింది. రెండో చేత్తో సాహితి గుప్పిట్లో ఏదో పెట్టింది.

"ఇవాళ మీ ఇంటి పోపు వాసన పల్చగా వచ్చింది," అని గుసగుసలాడింది. "బిళ్ళలు అయిపోవచ్చాయేమో అనుకున్నా. ఇది ఉంచుకో. నడవాలో చులకనైపోకు."

సాహితి గుప్పిట విప్పింది. ములక్కాడ సాంబారు బిళ్ళ. ఇంత కాలం ఎవరి కళ్ళు కప్పాననుకుందో ఆ మనిషికి అంతా తెలుసు. తెలిసే, తన దగ్గరున్న ఆఖరి పరువు తెచ్చి చేతిలో పెట్టింది. సిగ్గుతో సాహితి చెవులు వేడెక్కాయి. ఆ క్షణాన నేల చీలితే దూరిపోయేదే.

లాస్య కొంగు తీసేసింది. వినికికి వినబడేలా, ఎప్పటిలాగే పైకి అడిగింది. "మరి నువ్వో? తిన్నావా?"

"అయిం..." అలవాటు మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. "లేదే. తినలేదు."

వినికి ఎర్రబడింది. "సమాధానం సరిపోలేదు. తాము భుజించి ఉన్నట్టు నమోదైంది. మళ్ళీ చెప్పండి."

"తినలేదు!" సాహితి గొంతు నడవా అంతా పాకింది. "నిన్న రాత్రీ తినలేదు. మీరిచ్చే డబ్బా ఒక్కటే నా తిండి. వీళ్ళంతా తిన్నామంటేనే అది నాకొస్తుంది. రేపటినుంచి అదీ ఉండదు, పూరణశాల మూసేస్తారట."

"పలకరింపరి అర్హత రద్దయింది. నేటి డబ్బా నిలిపివేయబడింది." వినికి కాసేపు గుర్రుమంది. "భుజించని వ్యక్తి సేకరించిన జవాబులు చెల్లవు. ఈ ఋతువు జవాబులన్నీ చెల్లవు. మూసివేత ఆపబడింది. ప్రశ్న మళ్ళీ అడగాలి. అడిగేవారు లేరు."

వెనక తలుపు కిర్రుమంది. ధనుష్ గారు నడవాలోకి వచ్చాడు.

"సాహితి గారూ, మీరూనాండి?"

ఆమె తలూపింది. కన్నీళ్ళు ఆగలేదు.

"మీరు తింటున్నారనుకున్నానండి," అన్నాడాయన. "నేను తినలేదని చెబితే మీరు ఊరుకుంటారాండి? మా ఇంటికి రండి, ఉన్నది చెరిసగం తిందాం అంటారు. మీ కంచంలో చెయ్యి పెట్టడం ఎందుకని..."

సాహితి కొంగుతో ముఖం తుడుచుకుంది. అర్హత లేకపోతే పోయింది.

"భోంచేశారా అండి?"

ధనుష్ గారు తలుపు చెక్క పట్టుకున్నాడు. టన్నులకు టన్నులు ఎత్తిన మనిషి, ఆ ఒక్క మాట ఎత్తడానికి చెమట పట్టేసింది.

"లేదండి."

"వినబడలేదు," అంది వినికి.

ఆయన ముఖం ఎర్రబడింది. నడవా పొడుగునా ఉన్న తలుపులన్నిటినీ ఒకసారి చూశాడు.

"లేదండి! తినలేదండి!"

వినికి ఎరుపూ పచ్చా కాకుండా ఏదో రంగులో కొట్టుకుంటోంది. సాహితి భుజం మీద ఓ చెయ్యి పడింది.

"నా గుమ్మంలో నిలబడి ఆయన్ని అడుగుతావేంటే?" అంది లాస్య. "నన్ను మళ్ళీ అడుగు."