ఆకలిపూస

ఉప్పాడ తుఫాను భవనం పై అంతస్తులో పాతికమందికి పైగా బాలింతలు చాపల మీద కూర్చుని ఉన్నారు. బయట సముద్రం గోడలను గుద్దుతోంది. లోపల ఒక్క పసిగొంతూ వినిపించడం లేదు. అది ఎవరికీ వింతగా తోచలేదు. పసిపిల్లల ఏడుపు లోకంలోంచి పోయి ఒక తరం దాటింది.

స్తన్యపోషణ నర్సు ఎస్తేరు రాణి బిడ్డల మొలతాళ్ళు చూసుకుంటూ వస్తోంది. ప్రతి మొలతాడుకీ వెండిమువ్వ పక్కన ఒక గాజుపూస. ప్రభుత్వం దానికి క్షుధాసూచి అని పేరు పెట్టింది. జనం ఆకలిపూస అన్నారు. బిడ్డకు ఆకలి పుట్టబోతున్నా, గుడ్డ తడిసినా, చలి వేసినా అది చర్మంలోంచే పసిగట్టి, తల్లి భుజానికి అంటించిన చేపుపట్టీకి కబురు పంపుతుంది. పట్టీ జిల్లుమనగానే పాలు చేపుకొస్తాయి. బిడ్డ పెదవి కదిపేలోపే రొమ్ము నోటికందుతుంది. అడగందే అమ్మైనా పెట్టదన్న సామెతకు ఇప్పుడు బళ్ళో అర్థం వివరించి చెప్పాల్సి వస్తోంది.

మూలన కూర్చున్న లోవలక్ష్మి దగ్గర ఎస్తేరు ఆగింది. తొలికాన్పు బాలింత. జల్లు పడకుండా పక్కవాళ్ళెవరో తమ దుప్పటిని ఆమెకు అడ్డంగా కట్టారు. ఇంకా పేరు పెట్టని కొడుకు ఒళ్ళో కదలకుండా పడుకున్నాడు. పూస ఆకుపచ్చగా వెలుగుతోంది.

"పాలు ఎప్పుడు పట్టావమ్మా?"

"తెల్లారుతూనే పట్టీ పిలిచిందండి. మధ్యాహ్నం దాటినా మళ్ళీ పిలవలేదు."

"బంగారమండి మా బుల్లోడు," అని అత్త నూకరత్నం అందుకుంది. "తుపానని తెలుసు కాబోలు, పేచీ లేకుండా తొంగున్నాడు. పూస సూడండి, ఎంత పచ్చగుందో!"

ఎస్తేరు బిడ్డ గుడ్డ తడిమింది. పొడిగా ఉంది.

"ఇది ఎప్పుడు మార్చారు?"

"పొద్దున్నదేనండి."

ఆమె చేతులు కడుక్కొచ్చి చిటికెనవేలు బిడ్డ నోట్లో పెట్టింది. నాలుక జిగటగా అంటుకుంది. వాడు చప్పరించలేదు. నడినెత్తి లోతుగా దిగి ఉంది. లోవలక్ష్మి రొమ్ములు చూస్తే రాళ్ళలా గట్టిపడి ఉన్నాయి.

ఎస్తేరు గబగబా పక్క చాప మీది బిడ్డను చూసింది. ఆకుపచ్చ. ఆ పక్కన కూడా ఆకుపచ్చే. హాలులో ఒక్క పూస కూడా రంగు మార్చలేదు. ఉదయం ఊరవతల సమాచార గోపురం కూలిందని అందరికీ తెలుసు. గోపురం పోతే పూస తన చివరి రంగునే పట్టుకుని కూర్చుంటుందని మాత్రం ఎవరూ ఊహించలేదు.

"పూసలు పనిచెయ్యట్లేదు పిన్నీ," అంది గొంతు తగ్గించి. "మీవాడు ఆకలితో సొమ్మసిల్లుతున్నాడు."

"అవేం మాటలండి! వీడి బాబు పెరిగింది కూడా పూసతోనే. ఇన్నేళ్ళూ తప్పంది ఇయ్యాల తప్పుద్దా?"

కింద వంటపొయ్యి మీద గుడ్డ వెచ్చజేయించి ఎస్తేరు లోవలక్ష్మి రొమ్ములకు కాపడం పెట్టింది. వీపు రాసింది. వేళ్ళతో పిండి చూసింది. ఒక్క చుక్క రాలేదు. ఆ ఒంటికి పట్టీ పిలుపు తప్ప మరో పిలుపు తెలియదు. మిగతా తల్లులదీ అదే పరిస్థితి. డబ్బాపాలు ఎవరికీ అక్కర్లేకపోయి భవనంలో నిల్వ పెట్టడమే మానేశారు. రోడ్డును సముద్రం కోసేసింది. పడవ రావాలంటే గాలి తగ్గాలి.

రొమ్ము పెదవులకు తాకించినా బిడ్డ నోరు తెరవలేదు. ఎప్పుడూ అడగాల్సిన అవసరం రాని బిడ్డ. ఎలా అడగాలో వాడికి తెలియదు.

నర్సింగు బడిలో ఒక రబ్బరు బొమ్మ మీద నేర్పిన పాఠం ఎస్తేరుకు గుర్తొచ్చింది. అప్పుడు క్లాసంతా నవ్వింది. ప్రాణమున్న బిడ్డ మీద ఆమె దాన్ని ఎన్నడూ చేసి ఎరగదు.

"అరికాలి మీద వేలితో కొడతాను. వాడు ఏడవాలి."

లోవలక్ష్మి బిడ్డను గుండెకు లాక్కుంది. "ఏడిపిస్తారా? వద్దండి, మీకు దణ్ణం పెడతాను."

"పాలు పట్టించవమ్మా అంటే పసోణ్ణి కొడతానంటదేంటి!" నూకరత్నం లేచింది. "తగలెయ్య నీ సదువు!"

"తిట్టండి పిన్నీ, తనివితీరా తిట్టండి. వాడి కాలు మాత్రం నాకివ్వండి."

లోవలక్ష్మి బిడ్డ ముఖంలోకి చూసింది. మెల్లగా చేతులు వదులు చేసింది.

ఎస్తేరు అరికాలి మీద చూపుడువేలితో కొట్టింది. బిడ్డ కదల్లేదు. మళ్ళీ కొట్టింది. పాదం కందింది. ఇంకోసారి, గట్టిగా. కింది పెదవి వంకర పోయింది. ముఖం ముడుచుకుంది. ఎండిన గొంతులోంచి ముందు ఒక గరగర వచ్చింది, ఆ వెనక ఏడుపు.

హాలులో అందరూ అటు తల తిప్పారు.

"సిస్టరుగారూ, నాకేదో అవుతోందండి," అంది లోవలక్ష్మి. రవిక తడిసి పాలు ఒళ్ళోకి కారుతున్నాయి. ఎదుటి చాపల మీద కూడా తల్లులు ఒక్కొక్కరే బెదిరిపోయి రొమ్ములకు అరచేతులు అడ్డం పెట్టుకున్నారు. భుజాల మీది పట్టీలు మాత్రం జిల్లుమనలేదు.

"చూస్తారేంటి? పిల్లల నోటికివ్వండి!" అని ఎస్తేరు కేకేసింది.

ఉగ్గుగిన్నెలో పట్టి పోసిన తొలి చుక్కలు బిడ్డ పెదవి చివరనుంచి జారిపోయాయి. తర్వాతవి నిలిచాయి. గొంతు కదిలింది. నూకరత్నం కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి వాడు రొమ్ము పట్టాడు. మిగతా బిడ్డలకు అంతదాకా రాలేదు. పాలు నోట్లో పడగానే మింగారు.

సాయంత్రానికి గాలి తగ్గింది. గోపురానికి తాత్కాలికంగా ప్రాణం పోశారు. పూసలు రంగులు మార్చాయి, పట్టీలు జిల్లుమన్నాయి. లోవలక్ష్మి కొడుకును చూస్తూ కూర్చుంది.

"పుట్టినప్పటి కేక అందరిదీ ఒకటేలే. ఇది వీడిదే," అంది. "ఎవరి గొంతత్తా ఇది?"

"ఎవరిదేటే, మీ మావదే. పడవ మీంచి పిలిస్తే ఒడ్డుకినపడేది."

ఎస్తేరు సంచి సర్దుకుంటుంటే పక్క చాప మనిషి కూతుర్ని ఎత్తుకుని వచ్చింది.

"మా పాపకీ ఓసారి కొట్టండి సిస్టరుగారూ."

"అదేం ఖర్మమ్మా? కడుపునిండా తాగిందిగా?"

"తాగిందిలెండి. దీని గొంతెలాగుంటదో నేనెప్పుడూ ఇన్లేదు."

ఆమె వెనక ఇంకో తల్లి నిలబడి ఉంది. ఆ వెనక మరొకతె.

"కొట్టనమ్మా," అంది ఎస్తేరు. "పూసా పట్టీ తీసి, పక్కనే ఉండు. ఆకలేస్తే పాపే పిలుస్తుంది."

"పిలవకపోతేనో?"

ఎస్తేరు సంచి కింద పెట్టి వాళ్ళ చాప మీద కూర్చుంది. ఆ తల్లి పాప మొలతాడు నుంచి పూస విప్పింది. మిగతావాళ్ళూ చుట్టూ చేరారు. అందరూ ఆ పాప పెదవుల వైపే చూస్తున్నారు.