విన్నది ఎవరి గుండె

"ఏమండీ, రాత్రి నుంచి బిడ్డ సరిగ్గా కదలడం లేదు. ఒకసారి ఆసుపత్రికి వెళ్దామా?"

పొద్దున్నే అద్దం ముందు చొక్కా గుండీలు పెట్టుకుంటున్న భర్తను మంచం అంచున కూర్చున్న ఆమె మెల్లగా అడిగింది. నెలలు నిండిన మనిషి. అతనికేమో ఆ రోజు పెద్ద హాల్లో కచేరీకి సౌండు పని. మైకులూ స్పీకర్లూ అన్నీ తన చేతి మీదే నడవాలి. పదిమంది కలిసి పాడుతున్నా ఏ గొంతు జారిందో ఇట్టే పట్టేస్తాడని పనిలో పేరు. చుట్టాలంతా ముద్దుగా 'పాముచెవులవాడు' అంటారు.

"ఆసుపత్రి దాకా ఎందుకు? ఇక్కడే వినేస్తే పోలా!" అంటూ బీరువాలోంచి చిన్న మిషను తీశాడు. కడుపు మీద పెడితే బిడ్డ గుండె చప్పుడు వినిపిస్తుంది. డాక్టరమ్మ వద్దన్నా వినకుండా కొన్నాడు. ఆ చప్పుడు రికార్డు చేసి పంపిస్తే, గుర్రం దౌడు తీస్తున్నట్టుందని బంధువులంతా మురిసిపోయేవారు.

ఆమె పొట్ట మీద జెల్ రాసి మిషను అటూ ఇటూ జరిపాడు. చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. చివరికి ఒక చప్పుడు అందింది. అతని చెయ్యి ఆగింది. ఇది రోజూ వినే దౌడు కాదు. బాగా నెమ్మదిగా ఉంది. చెవికి ఆ తేడా స్పష్టంగా తెలిసింది. అంతలో వీధిలో కచేరీ సామాన్ల వ్యాను హారన్ మోగింది.

"విన్నావుగా? నిక్షేపంలా ఉన్నాడు. నిద్రపోతున్నట్టున్నాడు."

"కానీ నాకెందుకో..."

"నీకన్నీ అనుమానాలే! మిషను అబద్ధం చెబుతుందా?"

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం కాకముందే తల్లి ఫోన్ చేసింది. "ఒరేయ్, కోడలికి నొప్పులు మొదలయ్యాయి. ఆసుపత్రికి తీసుకొచ్చేశాను. ఉన్నపళంగా రా."

అతను వెళ్లేసరికి కాన్పుల గదిలో ఆమె పొట్టకు రెండు బెల్టులు కట్టి ఉన్నాయి. పక్కనున్న మిషనులోంచి కాగితం మీద గీత పాకుతూ వస్తోంది. నొప్పి వచ్చిన ప్రతిసారీ ఆ గీత కిందికి జారి, పైకి రావడానికి ఆపసోపాలు పడుతోంది.

"బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, తొందరగా తేరుకోవడం లేదు. ఇంక ఆగలేం, ఆపరేషన్ చేసేస్తాం," అంది డాక్టరమ్మ. "కదలికలు తగ్గాయని ఎప్పుడు తెలిసింది? వెంటనే ఎందుకు రాలేదమ్మా?"

భార్య అతనివైపు ఒక్కసారి చూసింది. తర్వాత కళ్లు దించుకుంది.

"నేనే... పట్టించుకోలేదు మేడమ్."

కాదు, నేనే ఆపానని అతను అప్పుడే చెప్పాల్సింది. అతను నోరు విప్పేలోపే స్ట్రెచరు తలుపులు దాటిపోయింది.

వరండాలో తల్లి అతని భుజం మీద చెయ్యి వేసింది. "పొద్దున మీ మాటలు పక్కగది నుంచి విన్నాన్రా. నువ్వు విన్నానంటే నిజమేననుకుని నేనూ ఊరుకున్నాను. నాకూ బుద్ధి లేకపోయింది."

"అమ్మా, చప్పుడు తేడాగా ఉందని నాకు తెలిసింది. తెలిసే, బాగుందని చెప్పాను. పనికి ఆలస్యమవుతుందని."

తల్లి అతని భుజం మీది చెయ్యి తీసేసింది. చెంప పగలగొట్టినా అతనికి అంత సిగ్గనిపించేది కాదు.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడవలేదట. కాసేపు ఆక్సిజన్ పెట్టాక ఏడ్చిందట. "గండం గడిచింది. ఇంకాస్త ఆలస్యమైతే చేజారిపోయేది," అంది బయటికొచ్చిన డాక్టరమ్మ.

అతను తలెత్తలేక, నేల చూస్తూనే జరిగిందంతా చెప్పాడు.

డాక్టరమ్మ నిట్టూర్చింది. "మీరు విన్నది బహుశా తల్లి నాడి. పొట్ట మీద అదీ వినిపిస్తుంది. అందుకే కదలడం లేదని తల్లి చెబితే వెంటనే రమ్మంటాం. తప్పు నాదేనని పాపం ఆవిడ మత్తులో కూడా కలవరించింది. ఈ సంగతి నాకు కాదు, ఆవిడకు చెప్పండి."

సాయంత్రం భార్య మంచం పక్కన కూర్చుని చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. విన్నంతసేపూ ఆమె గోడవైపే చూసింది. తర్వాత, పెళ్లయ్యాక ఎన్నడూ లేనిది, 'నువ్వు' అని పిలిచింది.

"నీకు తెలుసా? తెలిసీ నాది అనుమానమన్నావా? నా కడుపులో ఏం జరుగుతోందో నాకు తెలియదా? నీ మాటకు ఎదురు చెప్పలేక నా బిడ్డను నేనే చంపుకున్నాననుకుంటూ ఆ ఆపరేషన్ బల్లమీద పడుకున్నాను! అందరిముందూ నీ పరువు కాపాడాను. నువ్వేమో నోరు మెదపలేదు!"

కుట్లు లాగుతున్నా ఆపలేదు. అతను అడ్డుపడలేదు, సంజాయిషీ ఇవ్వలేదు. ఆమె తిట్టి తిట్టి అలిసిపోయి వెక్కివెక్కి ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. చెయ్యి పట్టుకోబోతే మొదట విదిలించింది. కాసేపటికి తనే అతని వేళ్లు పట్టుకుంది.

"ఇంక నేను చెబితే వింటారా?"

"వింటాను," అన్నాడు.

తలుపు తోసుకుని అత్తగారు పాపతో వచ్చింది. కొడుకును దాటుకుంటూ వెళ్లి కోడలిని అడిగింది. "ఎవరికివ్వమంటావే అమ్మాయ్?"

కోడలు కళ్లు తుడుచుకుంది. "ఆయనకే ఇవ్వండి అత్తయ్యా. నాకింకా లేవరావడం లేదు." భర్తవైపు తిరిగింది. "తల కింద చెయ్యి పెట్టండి. అలా కాదు. ఇంకాస్త పైకి."

అతను చేతిని ఇంకాస్త పైకి జరిపాడు.