నాన్న కాటా

ఉదయం ఆరున్నరకు గిన్నెలో ఆరు గుడ్లు ఉడుకుతున్నాయి. నాలుగు నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ గడియారం చూడటం లేదు, గిన్నె మూత చప్పుడు చాలు. కూతురు తిండి లెక్క ప్రకారం, నిద్ర లెక్క ప్రకారం, జిమ్‌లో ఎత్తే బరువులూ లెక్క ప్రకారమే. తండ్రికి ఆ పద్ధతి లోలోపల నచ్చేది. ఆయన పాత ఇనుము, పేపర్లు కొనే వ్యాపారి. ఇంటి ముందు గదే కొట్టు. లాభం కొనేటప్పుడే చూసుకోవాలని, అమ్మేటప్పుడు ధర మన చేతిలో ఉండదని ఆయన నమ్మకం.

తినడం అయ్యాక కూతురు కొట్టులోకి వెళ్లి కాటా ఎక్కింది. అరవై.

"మళ్లీ అదే," అంది. దిగి, ఇంకోసారి ఎక్కింది. అరవై.

తండ్రి పేపర్ల కట్టకు తాడు బిగిస్తూ తలెత్తలేదు.

జిమ్‌లో చేరిన రోజు ఆమె బరువు అరవయ్యే. తర్వాతి వారం జ్వరం వచ్చి లేచేసరికి కాటా యాభై ఆరు చూపించింది. పోయిన నాలుగు కిలోలు తెచ్చుకోవడానికే నాలుగు నెలలు పట్టాయి. కోచ్ మాత్రం కాటా ఎక్కొద్దన్నాడు. అతని జిమ్‌లో అసలు కాటాయే లేదు. "కండేమన్నా కూరగాయా, రోజూ తూచుకోడానికి? తిను, పడుకో, నిన్నటికంటే ఇవాళ కాస్త ఎక్కువెత్తు. ఏడాది ఆగు," అనేవాడు.

లోపలి నుంచి తల్లి వచ్చింది. ఒక చేతిలో కూతురి జిమ్ సంచి. రెండో చేతిలో మూడు చిన్న సీసాలు, ఒక సిరంజి.

"ఏమిటే ఇవి? తువ్వాలు ఉతుకుదామని తీస్తే దొరికాయి. ఆ కోచ్ ఇచ్చాడా?"

"కోచ్‌కి తెలిస్తే బయటికి గెంటేస్తాడు. వేరే అతను. ఇవాళ పదింటికి మొదటిది పొడుస్తానన్నాడు. ఇటివ్వమ్మా."

"ఈ స్టెరాయిడ్లు వాడితే గొంతు మగగొంతైపోతుందని, కాలేయం పోతుందని నువ్వే కదే చెప్పావు?"

"అప్పుడు నేను పెరుగుతాననుకున్నాను." కూతురి గొంతు లేచింది. "నాలుగు నెలలమ్మా. పుట్టినరోజు కేక్ కూడా ముట్టలేదు. బాడీబిల్డింగ్ పోటీకి ఇంకా రెండు నెలలే ఉంది. అరవై మీద ఒక్క కిలో పెరిగినా ఆగేదాన్ని."

"ఆగమనే కదా ఆ కోచ్ చెప్పేది?"

"ఆయన నోటిమాట చెప్తాడు. నాన్న కాటా అంకె చూపిస్తుంది. ఎవర్ని నమ్మమంటావ్?"

తల్లి భర్త వైపు తిరిగింది. "మీ నోటికేమైందండీ? పిల్ల విషం పొడిపించుకుంటానంటుంటే ఆ తాడు కట్టుకుంటూ కూర్చుంటారా?"

ఆయన మనసులోనే తూచుకున్నాడు. నోరు విప్పితే పోయేది పరువు. విప్పకపోతే పోయేదానికి ఏ అంకె వేయాలో తోచలేదు.

లేచి మూలకు వెళ్లాడు. ప్రభుత్వ ముద్ర వేసిన ఇరవై కిలోల తూకపు రాళ్లు అక్కడ ఉన్నాయి. ఒక్కొక్కటీ రొప్పుతూ మోసుకొచ్చి, ఐదూ కాటా మీద పెట్టాడు. వంద కిలోలు.

కాటా తొంభై మూడు చూపించింది.

"ఎప్పట్నుంచి?" అంది కూతురు.

"నీకు జ్వరమొచ్చిన వారం. పక్క వీధి కొట్టువాడు రేటు పెంచాడు. నేనూ పెంచాల్సొచ్చింది. అది తూకంలో రాబట్టుకుందామని, కాటా తక్కువ చూపించేలా మెకానిక్ చేత సర్దించాను."

"నేను రోజూ ఎక్కుతుంటే చూశావు."

"చూశాను. కొన్నాళ్లకి నువ్వే ఎక్కడం మానేస్తావనుకున్నా."

"పేపర్లు తెచ్చే ముసలమ్మ దగ్గర తూకం కోశావు. ఇంట్లో ఉన్నాను కదా అని నా దగ్గరా కోశావు." ఇప్పుడు ఆమె అరవలేదు. అదే ఆయన్ని భయపెట్టింది.

"ఇంకో మూడు గంటలైతే ఏమయ్యేది?" అంది తల్లి. "చెప్పండి, అన్నీ లెక్కేస్తారుగా. ఇదీ లెక్కేసి చెప్పండి."

"అరవై నాలుగున్నర," అన్నాడు ఆయన కూతురితో. "ఇవాళ నీ అసలు బరువు. జ్వరంలో నీ బరువేం పోలేదు. అరవై రెండు ఎప్పుడు దాటావో, అరవై నాలుగు ఎప్పుడు దాటావో నాకు తెలుసు. రోజూ నువ్వు దిగి వెళ్లాక లెక్కేసుకునేవాణ్ణి. సంతోషపడేవాణ్ణి. నీకే చెప్పలేకపోయాను." రాళ్ల తుప్పు అంటిన చేత్తోనే కళ్లు తుడుచుకున్నాడు.

కూతురు తల్లి చేతిలోని సీసాలు తీసుకుని, పగిలిన గాజు వేసే డబ్బాలో ఒక్కొక్కటే విసిరికొట్టింది.

"మెకానిక్‌ని పిలువు. బాగయ్యేదాకా షట్టర్ ఎత్తొద్దు."

ఆయన తలూపి, రాళ్లు దించడానికి వంగాడు.

"తప్పుకో."

ఆమె చేతికొకటి చొప్పున రెండు రాళ్లు ఎత్తుకుని మూలకు నడిచింది. వచ్చి ఇంకో రెండు. నాలుగు నెలల క్రితం ఒక్క రాయిని రెండు చేతులతో ఈడ్చిన పిల్ల. తండ్రి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. ఐదో రాయి దగ్గర ఆగింది.

"ఇది నువ్వు మొయ్యి."

ఆయన ఎత్తాడు. నాలుగడుగులు వేసేసరికి చేతులు వణికాయి. అంతలో రాయి తేలికైంది. కింద ఆమె చెయ్యి ఉంది. ముఖం మాత్రం అటు తిప్పుకునే ఉంది.

మూలకు చేరాక ఆయన దించబోతుంటే, కోపం తగ్గని గొంతుతోనే అంది:

"నడుం వంచకు నాన్నా. మోకాళ్లు వంచు."