సుర్మా కండ్లోడు

పొద్దుగాల పదకొండింటికి ఏడో నంబర్ ఫోటో మాయమైంది.

ఫ్రేము మేకుకు ఉన్నది. అద్దం ఉన్నది. లోపట బొమ్మ లేదు.

హెడ్ కానిస్టేబుల్ గిడియోన్ ఆ ఖాళీ అద్దంల తన మొకం చూసుకున్నడు. మీసం దువ్వుకున్నడు.

"మునుపటి బొమ్మ కంటె ఇదే బాగున్నది గదా?"

ఎవ్వలు నవ్వలే.

గిడియోన్ అంటే గోదావరిఖనిల అందరికి ఎరుకే. పొట్ట ముందు పోతది, మనిషి ఎనుక వస్తడు. సావు కాడ గూడ ఒక్క పరాచికం ఆడంది ఊరుకోడు. కానీ కండ్లు మాత్రం గద్ద కండ్లు.

పదేండ్ల కింద బస్టాండుల బాంబు పేలింది. మధ్యాన్నం 2:40కి. తొమ్మిది మంది పోయిండ్రు. వాళ్ళ యాదిల, అప్పటి పేపర్ల ఫోటోలు పెద్దగ చేయించి ఇయ్యాల కమ్యూనిటీ హాలు గోడలకు పెట్టిండ్రు. మొత్తం పదహారు. ఒంటి చెప్పు. ఒరిగిన సోడా బండి. తెరుచుకున్న టిఫిన్ డబ్బా, అన్నం అట్లనే.

ఏడోదాంట్ల ముందట ఒక మనిషి ఉరుకుతుంటడు. చంకల సంచి. కండ్లకు నల్లటి గీత, సుర్మా కాటుక పెట్టినట్టు. కింద పేపరోళ్ళు రాసిండ్రు: 'పేలిన అయిదు నిమిషాలకు, 2:45కు, ఉరుకుతున్న ఈ మనిషి ఎవరు?'

ఆ మనిషి ఇప్పుడు హాల్లనే ఉన్నడు. పేరు రహమతుల్లా. గనిల ముప్పయ్యేండ్లు పనిచేసి రిటైరైండు.

గిడియోన్ లోపటి నుంచి గొళ్ళెం పెట్టిండు, దొంగ పోవద్దని. బయట జనం గేటుకు గొలుసు ఏసిండ్రు, రహమతుల్లా పోవద్దని.

"మంచిగైంది. నన్ను గూడ అరెస్టు చేసిండ్రు," అన్నడు గిడియోన్.

కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగినయి. పైన రేకులు పెనం లెక్క కాలుతున్నయి. లోపట నలుగురే. గిడియోన్, రహమతుల్లా, ఫోటోలు పెట్టించిన సువార్త, భుజానికి కెమెరా స్టాండు సంచితోని ఫోటోగ్రాఫర్ సదానందం. సువార్త మొగడు జాన్ ప్రసాద్ ఆ తొమ్మిది మందిల ఒకడు. ఆ ఏడో ఫోటో తీసింది సదానందం.

"సుర్మా కండ్లోన్ని బయటికి పంపుండ్రి!" కిటికీ కాడ ఒకడు మొత్తుకున్నడు. భూపాల్. గనిల రాత్రి షిఫ్టు దిగి నిద్ర గూడ పోకుంట వచ్చిండు.

గిడియోన్ కుర్చీ గుంజుకున్నడు.

"రహమత్ భాయ్, ఎన్నింటికొచ్చినవ్?"

"పదిన్నరకు."

"ఎందుకు?"

"నన్ను నేను చూసుకుందామని."

"ఇంట్ల అద్దం లేదా?"

"అద్దంల నేను మంచోన్నే కనబడుత సార్."

గిడియోన్ కుర్చీ ఇంకింత దగ్గరికి జరుపుకున్నడు.

"ఫోటో నువ్వు తీసినవా?"

"తీస్తే ఏం లాభం? ఇంటింటికి పేపరుంది. పోలీసోళ్ళు వారం కూసోబెట్టి, గనిల హాజరు ముస్టర్ చూసి ఇడిసిండ్రు. అసలు బాంబు పెట్టినోళ్ళు దొరికి శిక్ష గూడ పడె. అయినా జనం, షిఫ్టు మధ్యల గనిలకెళ్ళి పైకొచ్చి బాంబు పెట్టి పోయిండు అంటరు. నేను ఆ బొమ్మలకెళ్ళి ఎట్ల బయటపడుడు?"

"అబద్దం!" అన్నది సువార్త. బైబిల్ల నుంచి పసుపుపచ్చగైన పేపర్ ముక్క తీసింది. "పదేండ్ల సంది దినాం చూస్తున్న. ఊరు ఊరంత ఏడుస్తుంటె సుర్మా పెట్టుకోని సింగారించుకున్నడు!"

"చెల్లె, నాకు సుర్మా పడది. కండ్లు మండుతయి."

గిడియోన్ పేపర్ ముక్క అందుకున్నడు. రూపాయి బిళ్ళంత మొకం. చుట్టు అంత కోసేసిండ్రు.

తల ఎత్తిండు. కిటికీ చువ్వల నడుమ భూపాల్ మొకం. సబ్బుతోని తోమి తోమి తెల్లగ చేసుకున్నడు. కానీ కండ్ల అంచుకు నల్లటి గీత.

గిడియోన్ అటు చూసిండు. ఇటు చూసిండు. పేపర్ ముక్క మడిచి జేబుల పెట్టుకున్నడు.

"సదానందం, ఆ ఫోటో ఎన్నింటికి కొట్టినవ్?"

"రెండు నలభై అయిదు, హెడ్ సాబ్. పక్కా."

"ఇంత పెద్దగ ఎక్కడ చేయించిండ్రు?"

"కరీంనగర్ల. నా పాత డిస్క్ సువార్తక్కకు ఇచ్చిన. రాత్రి ప్రింట్లు సక్కగ ఇక్కడికే వచ్చినయంట. నేను ఇయ్యాల పదింటికి చూసిన."

"మంచిది. ఇగ ఇనుండ్రి. దొంగలుంటరని పొద్దుగాలనే ఏడో ఫోటోకు నేను ఆముదం రాసిన. ముట్టినోని చెయ్యి రెండు దినాలు వాసనొస్తది."

రహమతుల్లా కదలలే. సువార్త కదలలే.

సదానందం చెయ్యి మెల్లగ ముక్కు కాడికి పోయింది.

"ఆముదం లేదు, నీ బొంద! నేను వచ్చిందే పదింబావుకు," గిడియోన్ లేసిండు. "ఆ కెమెరా స్టాండు సంచి ఇప్పు."

సంచిల స్టాండుకు చుట్టుకోని ఉన్నది ఏడో నంబర్ ఫోటో.

గిడియోన్ బెంచీ మీద పరిచిండు. నాలుగు మూలలకు నాలుగు ఇటుకలు పెట్టిండు. జేబుల పేపర్ ముక్క తీసి పక్కకు పెట్టిండు.

"సువార్తక్కా, పేపర్ల ఒక్క మొకమే ఉన్నది. దీంట్ల ఈయన ఎనుక ఎంతమంది ఉన్నరు?"

సువార్త వంగింది. "ఎనిమిది మంది."

"వాళ్ళ కండ్లు చూడు."

ఎనిమిది మందికి నల్లటి గీత.

"ఈయన ఎవరు?"

"అంద్రెయ తాత. మా చర్చి పెద్ద."

"చర్చి పెద్ద సుర్మా పెడతడా?"

సువార్త నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది.

"అది బొగ్గు అక్కా! మూడుసార్లు సబ్బు పెట్టినా కండ్ల అంచుకు బొగ్గు పోదు. మన ఇండ్లల్ల దినాం చూసేదే. ఒక్కడైతే మధ్యల దొంగతనంగ పైకొచ్చిండు అంటరు. ఈయనతోని కలిపి తొమ్మిది మంది తానాలు చేసి, తలలు తడిగ, చంకల డ్యూటీ సంచులతోని ఒక్కతీర్గ ఉరికొస్తున్నరంటే ఏంది? మొదటి షిఫ్టు ఇడిసిండ్రు. షిఫ్టు ఎన్నింటికి ఇడుస్తరు?"

"మూడింటికి," అన్నది సువార్త మెల్లగ.

"మరి 2:45కు వీళ్ళంత ఎట్లొచ్చిండ్రు? పేపర్ల టైం రాసుంటే మనం కండ్లను నమ్మలే, టైంను నమ్మినం. రహమతుల్లా అని పేరు ఇనంగనే బొగ్గును సుర్మా చేసినం. నేను గూడ ఎన్నోసార్లు సుర్మా భాయ్ అని ఎక్కిరించిన." గిడియోన్ సదానందం దిక్కు తిరిగిండు. "ఇగ నువ్వు చెప్పు."

సదానందం చెమటలు కారుకుంట నిలబడ్డడు.

"మందమర్రిల పెండ్లిల ఉన్న సార్. వచ్చేసరికి మూడు దాటి ఇరవై అయింది. అప్పటికే గాయపడ్డోళ్ళను దవాఖానకు తీస్కపోయిండ్రు. పేలంగనే ఉన్న అని పేపరోళ్ళకు చెప్పిన. వాళ్ళే కోసి, రాసి ఏసిండ్రు. తర్వాత ఒప్పుకుందామంటె ధైర్యం రాలే. ఇయ్యాల ఇంత పెద్దగ ఎనుకున్నోళ్ళంత కనబడేసరికి, నా అబద్దం బయటపడుతదని తీసిన."

"నువ్వు పెండ్లిల బూంది తినుకుంట ఈయనను పదేండ్లు లోపటేసినవ్."

సువార్త రహమతుల్లా ముందు నిలబడ్డది.

"ఎందుకు ఉరికినవ్ అన్నా?"

"మా బిడ్డ మహెజబీన్ కోసం, చెల్లె. బడి నుంచి ఆ టైంకు బస్టాండుల దిగుతది. ఏడ వెతికినా దొరకలే. పిల్ల నడిచి ఇంటికి పోయింది. నాకు తెల్వదు."

"నేనూ గట్లనే ఉరికిన. జాన్ కోసం."

గిడియోన్ గొళ్ళెం తీసిండు. ఫోటో ఎత్తిపట్టి, గేటు కాడ జనానికి ఒక్కొక్క మొకం ఏలు పెట్టి చూపించిండు. అంద్రెయ పేరు ఇనంగనే లొల్లి తగ్గింది. భూపాల్ చాన సేపు చూసిండు. గొలుసు ఇప్పిండు. కొందరు మాత్రం ఇంక గునుసుకుంటనే ఉన్నరు.

రహమతుల్లా గడప కాడ ఆగిండు.

"నువ్వు ముందు నడువు చెల్లె."

"ముందు ఎందుకన్నా? పక్కన నడుస్త."

ఇద్దరు జనం నడుమకెళ్ళి రోడ్డు మీదికొచ్చిండ్రు. షేర్ ఆటో ఆగింది.

"ఎక్కడికి కాక?" అడిగిండు డ్రైవర్.

పదేండ్ల సంది రహమతుల్లా ఆ దిక్కు పోలే. ఊరు చుట్టు తిరిగి ఇంటికి పోయేటోడు.

"బస్టాండు," అన్నడు.